పాత మేనేజర్ ఇచ్చిన మాటలు నిలబడని టీమ్‌లో నమ్మకం తిరిగి తేవడం ఎలా?

కొత్త_లీడ్:

అందరికీ నమస్కారం. తొమ్మిది మంది ఉన్న టీమ్ బాధ్యత ఈమధ్యే నా చేతికొచ్చింది. అందులో ముగ్గురికి ప్రమోషన్ వస్తుందని పాత మేనేజర్ నోటిమాటగా చెప్పారు. ఎవరికీ రాలేదు, కాగితం మీద ఎక్కడా లేదు. ఇప్పుడు వన్-టు-వన్‌లో (ఒక్కొక్కరితో విడిగా పెట్టే మీటింగ్‌లో) కూర్చుంటే ప్రతి ఒక్కరూ "అంతా బాగానే ఉందండి" అని ఐదు నిమిషాల్లో ముగించేస్తున్నారు. పని ఆలస్యమవుతోందన్న సంగతి డెడ్‌లైన్ రోజు సాయంత్రం దాకా బయటికి రావడం లేదు. పైవాళ్లేమో రోజుకు రెండుసార్లు స్టేటస్ పెట్టించమని, స్క్రీన్‌ను గమనించే సాఫ్ట్‌వేర్ వేయించమని అంటున్నారు.

టీమ్ అవుటింగులు, ఉత్సాహపరిచే ఉపన్యాసాలు కాకుండా, వారం వారం నేను చేయదగిన పనులేమిటో చెప్పగలరా?

---

ప్లాంట్_ఫ్లోర్:

"అంతా బాగానే ఉందండి" అంటున్నారంటే, ఉన్నదున్నట్టు చెబితే మీరేం చేస్తారో వాళ్లకింకా తెలియదని అర్థం. చిన్నదేదో ఒకటి అడిగి, అది జరగడం కళ్లారా చూస్తేనే తెలుస్తుంది. అందుకే ముందు రెండు వారాల్లో తేలిపోయేవి పట్టుకోండి: రావాల్సిన యాక్సెస్, పాడైన పరికరం, ఆగిపోయిన సెలవు ఆమోదం, ఎవరికీ పనికిరాని మీటింగ్ రద్దు.

దీనికి ఒక షీట్ పెట్టుకోండి. నాలుగు గడులు చాలు: ఎవరు అడిగారు, ఏం అడిగారు, ఏ తేదీకి జవాబిస్తానన్నాను, ఏమైంది. మూడో గడిలో రాయాల్సింది జవాబిచ్చే తేదీ, పని పూర్తయ్యే తేదీ రాయొద్దు. పని పూర్తి కావడం చాలాసార్లు మీ చేతిలో ఉండదు, జవాబు చెప్పడం ఎప్పుడూ మీ చేతిలోనే ఉంటుంది. శుక్రవారం చెబుతానన్నారు, శుక్రవారానికి ఏమీ తేలలేదు అనుకోండి. అయినా ఆ రోజు వెళ్లి "ఫైనాన్స్ నుంచి ఇంకా రాలేదు, బుధవారం మళ్లీ అడుగుతాను, గురువారం మీకు చెబుతాను" అనాలి. చాలామంది మేనేజర్లు ఇక్కడే దెబ్బతింటారు. మంచి కబురు వచ్చాకే వెళ్దామని ఆగుతారు. అవతలి మనిషి మాత్రం మర్చిపోయారనే అనుకుంటారు, రెండోసారి అడగడం మానేస్తారు.

ఎవరేం అడిగినా మీ జవాబు ఈ మూడింట్లో ఒకటై ఉండాలి: ఇది నేను చేస్తాను, ఫలానా తేదీకి. ఇది నేను అడగగలను, నిర్ణయం మాత్రం ఫలానా వారిది. ఇది కుదరదు, కారణం ఇది. ఇవేవీ కాకుండా ఊరికే "చూస్తాన్లెండి" అంటే, మీరు మాటిచ్చినట్టు అనుకోకపోయినా వినేవాళ్లు సగం ఒప్పుకున్నట్టే లెక్కేసుకుంటారు. తర్వాత అది నీటి మూట అయిందని బాధపడతారు.

వన్-టు-వన్ వారానికోసారి 30 నిమిషాలు. తొమ్మిది మందికి నాలుగున్నర గంటలవుతుంది. భారమనుకుంటే రెండు వారాలకోసారి పెట్టుకోండి, కానీ రద్దు చేయకండి. తప్పనప్పుడు అదే వారంలో ఇంకో రోజుకు మార్చండి. కొత్త టైమ్ మీరే పంపాలి, వాళ్లు అడిగేదాకా ఆగొద్దు. మొదటి 20 నిమిషాలు వాళ్లవి, అందులో స్టేటస్ ఊసే వద్దు. "ఏమైనా సమస్యలున్నాయా?" అంటే లేవనే వస్తుంది. "ఈ వారం అనుకున్నదానికంటే ఎక్కువ టైమ్ తిన్న పని ఏది?", "ఎవరి జవాబు కోసం ఆగిపోయి ఉన్నారు?" అని అడగండి. అప్పుడు మనుషుల మీద ఫిర్యాదు చేస్తున్నట్టు అనిపించదు కాబట్టి నోరు విప్పుతారు. వాళ్లు ఆపాక మీరు వెంటనే అందుకోవద్దు, కాసేపు ఊరుకోండి. అసలు విషయం చాలాసార్లు ఆ తర్వాతే వస్తుంది.

---

హెచ్‌ఆర్_డెస్క్:

షీట్ సంగతి బాగుంది. కానీ ప్రమోషన్ల మాట పక్కనపెట్టి చిన్నవాటితో మొదలుపెట్టడం ఈ టీమ్‌లో పనిచేయదు. ఆ ముగ్గురికీ కొత్త కీబోర్డు తెప్పించి ఇస్తే, అసలు సంగతి దాటేస్తున్నారనే అనుకుంటారు. మొదటి వారంలోనే ఒక్కొక్కరితో విడిగా కూర్చోండి.

ఏం చెప్పారు, ఎప్పుడు చెప్పారు, మెయిల్‌లో గానీ చాట్‌లో గానీ ఏమైనా ఉందా అని అడిగి, వాళ్ల మాటల్లోనే రాసుకుని, చదివి వినిపించండి. తర్వాత ఇంతే చెప్పండి: "మీకు ఈ మాట ఇచ్చారని అర్థమైంది. దీన్ని నిలబెట్టే అధికారం నాకొక్కడికే లేదు. పైవాళ్లతో, హెచ్‌ఆర్‌తో మాట్లాడి ఫలానా తేదీకి జవాబు తెస్తాను." పాత మేనేజర్‌ను తప్పుపట్టొద్దు. ఉద్యోగి దృష్టిలో ఆ మాట ఇచ్చింది కంపెనీ. పైగా వెళ్లిపోయిన వారి గురించి మీరు ఎలా మాట్లాడతారో చూసి, రేపు మా గురించీ ఇలాగే అంటారని అనుకుంటారు.

ముగ్గురికీ ఒకే జవాబు రాకపోవచ్చు. అర్హత ఉండీ ఈ విడత ప్రమోషన్ల సైకిల్‌లో తప్పిపోయినవారికి తర్వాతి సైకిల్ తేదీ, పెట్టాల్సిన కాగితాలు, చివరి సంతకం ఎవరిదో చెప్పాలి. అర్హతలో లోటుంటే అది చూసి చెప్పగలిగేలా ఉండాలి. "లీడర్‌షిప్ పెంచుకోవాలి" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. "వరసగా రెండు రిలీజులు మొదటి నుంచి చివరిదాకా మీ బాధ్యతలో నడవాలి" అంటే అర్థమవుతుంది. అసలు ఖాళీయే లేకపోతే అదీ చెప్పేయండి, మనిషి వెళ్లిపోతారన్న భయం ఉన్నా సరే. ఆశ చూపిస్తూ ఉంచిన మనిషి ఎలాగూ వెళ్తారు, మిగతావాళ్లకు చెప్పి మరీ వెళ్తారు.

కారణం చెప్పడానికి ఎంత బలముందో మేనేజ్‌మెంట్ పరిశోధకుడు జెరాల్డ్ గ్రీన్‌బర్గ్ 1990లో ప్రచురించిన అధ్యయనంలో కనిపిస్తుంది. ఒకే కంపెనీ ఫ్యాక్టరీలు మూడు. రెండింట్లో 10 వారాలపాటు జీతాల్లో 15 శాతం కోత పెట్టారు, మూడోదాంట్లో కోత లేదు. కోత పెట్టిన ఒకచోట లెక్కలు చూపించి, విచారం తెలిపి, అడిగిన ప్రశ్నలకు జవాబిచ్చారు. రెండోచోట ముక్తసరిగా ప్రకటించి వదిలేశారు. సరిగా చెప్పని చోట ఫ్యాక్టరీలో దొంగతనాలు బాగా పెరిగాయి, ఉద్యోగం మానేసినవాళ్లూ అక్కడే ఎక్కువ. కోత మాత్రం రెండుచోట్లా ఒకటే.

అందుకే మీరు తీసుకునే ప్రతి పెద్ద నిర్ణయానికీ, అది షిఫ్టుల మార్పయినా, జీతం హైక్ అయినా, ఎవరికి ఏ పని అన్నదైనా, ఏం తేల్చారు, ఏ ప్రాతిపదికన, ఇంకేం ఆలోచించి వద్దనుకున్నారు, ఎవరు తేల్చారు అన్నవి చెప్పండి. లెక్క తప్పిందనిపిస్తే ఎవరి దగ్గరికి, ఎన్నాళ్లలోపు రావాలో కూడా చెప్పాలి. ఎక్కువమంది వదిలేసేది ఈ చివరిదే. సరిదిద్దే దారి తెరిచి ఉందని తెలిస్తే, నచ్చని నిర్ణయాన్ని కూడా మనుషులు భరిస్తారు.

---

కొత్త_లీడ్:

ఇద్దరికీ ధన్యవాదాలు, ముగ్గురితో ఈ వారమే మాట్లాడతాను. ఇంకో రెండు సందేహాలు. ఆలస్యాల సంగతి ముందే బయటికి రావాలంటే ఏం చేయాలి? మనుషుల్ని తగ్గిస్తారన్న పుకారు తిరుగుతోంది. అలాంటివి నాకు తెలిసినా చెప్పకూడని రోజు వస్తే ఎలా మాట్లాడాలి?

---

రాత్రి_షిఫ్ట్:

మొదటిదానికి: చెడ్డ కబురు తెచ్చిన మనిషితో మీ నోటి నుంచి వచ్చే మొదటి వాక్యమే మిగతా ఎనిమిది మందికీ రూలు అవుతుంది. "ఇప్పుడా చెప్పేది?" అన్నారంటే ఇంకో మూడు నెలలు ఎవరూ ఏదీ చెప్పరు. "చెప్పడం మంచిదైంది. ఇప్పుడు మన చేతిలో ఎంత టైముంది, ఎవరికి తెలియాలి?" అని మొదలుపెట్టండి. ఎందుకు ఆలస్యమైందన్నది తప్పకుండా అడగాలి, కాకపోతే మర్నాడు, విడిగా.

రోజుకు రెండు స్టేటస్‌ల బదులు వారానికి రెండుసార్లు ప్రతి పనికీ ఒక రంగు పెట్టించండి. సమయానికి అవుతుందంటే పచ్చ, అనుమానముంటే పసుపు, కాదని తేలితే ఎరుపు. అనుమానం వచ్చిన 24 గంటల్లోపు పసుపు పెట్టాలి, పక్కన మూడు ముక్కలు రాయాలి: ఏది ఆగింది, కొత్త అంచనా ఎంత, నా నుంచి ఏం కావాలి. పసుపు పెట్టినవారిని అందరి ముందూ ప్రశ్నించకూడదు, అది మీ వంతు నియమం. మూడు వారాలు వరసగా అన్నీ పచ్చగానే ఉంటే సంతోషించకండి. అది భయానికి గుర్తు.

మొదటి నెలలో సమస్యలు పెరిగినట్టు కనిపిస్తుంది, పైవాళ్లకు ముందే చెప్పి ఉంచండి. పరిశోధకురాలు అమీ ఎడ్మండ్‌సన్ ఆస్పత్రి యూనిట్లలో మందుల పొరపాట్లపై చేసి 1996లో ప్రచురించిన పరిశోధనలో, బాగా కలిసి పనిచేసే యూనిట్లలోనే నమోదైన పొరపాట్లు ఎక్కువ కనిపించాయి. అక్కడి సిబ్బంది పొరపాటు జరిగితే దాచకుండా చెప్పగలుగుతున్నారన్నది ఆమె ఇచ్చిన వివరణ. టీమ్ మంచిచెడ్డలను నమోదైన సమస్యల సంఖ్యతో కొలిస్తే, దాచిపెట్టే టీమే మెరుగ్గా కనిపిస్తుంది.

స్క్రీన్ గమనించే సాఫ్ట్‌వేర్ మీ సమస్యను పట్టుకోలేదు. అది మౌస్ కదలిక, తెరిచిన స్క్రీన్ లాంటివే చూస్తుంది. మీ ఆలస్యాలు సాధారణంగా ఒకరి నుంచి ఇంకొకరికి పని చేతులు మారే చోట పుడతాయి, అక్కడ ఎవరి మౌసూ ఆగదు. భద్రతా కారణాలతో తప్పదంటే, వేయకముందే చెప్పండి: ఏం రికార్డవుతుంది, ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు ఉంచుతారు, అప్రైజల్‌లో వాడతారా లేదా. తర్వాత తెలిస్తే మీ షీటంతా వృథా.

రెండోదానికి: అబద్ధం మాత్రం చెప్పొద్దు. "అలాంటిదేమీ లేదు" అని ఒక్కసారి అని, అది జరిగితే ఇక ఆ టీమ్‌తో మీ మాటకు విలువుండదు. పనిలో పొరపాటును జనం మర్చిపోతారు, మోసపోయామనిపించింది మాత్రం ఓ పట్టాన మర్చిపోరు. "సిబ్బంది సంఖ్య గురించి ఉన్నా లేకపోయినా నేను మాట్లాడను. అధికారికంగా చెప్పగలిగిన రోజున మీకు నా నోటి నుంచే తెలుస్తుంది" అనండి. చిక్కల్లా ఇక్కడుంది: మీకు ఏమీ తెలియని రోజున కూడా ఇదే జవాబివ్వాలి. తెలియనప్పుడు "ఏమీ లేదు" అని, తెలిసినప్పుడు "మాట్లాడలేను" అంటే, ఆ తేడాతోనే విషయం చెప్పేసినట్టవుతుంది.

అలాగే "ఎవరికీ చెప్పను, చెప్పండి" అని మాటివ్వకండి. వేధింపులు, భద్రత లాంటివి బయటపడితే పైకి చెప్పడం మేనేజర్ బాధ్యత. ఆ హద్దు మాట మొదలవకముందే చెప్పాలి. సగం చెప్పాక గుర్తుచేస్తే వలలో వేసినట్టవుతుంది.

---

ప్లాంట్_ఫ్లోర్:

ఈ టీమ్‌కు హెచ్‌ఆర్_డెస్క్ చెప్పిన వరసే సరైనది, ముందు ప్రమోషన్లు, పక్కనే చిన్నవి.

షీట్ ఎవరికి కనిపించాలో ముందే తేల్చుకోండి. టీమ్ మొత్తానికి సంబంధించినవి, అంటే పరికరాలు, మీటింగులు, ప్రాసెస్ మార్పులు, అందరూ చూసే షీట్‌లో ఉండాలి. కుదరదని తేలినవి కూడా తీసేయకుండా కారణంతో సహా ఉంచండి. జీతం, ఆరోగ్యం, ఇంటి విషయాలు, ఆ ముగ్గురి ప్రమోషన్లు ఎవరి నోట్ వారికే, మీకూ వారికీ మాత్రమే తెరుచుకునేలా. తేదీ దాటిన వరసలు రెండు కంటే ఎక్కువైతే, అవి తీరేదాకా కొత్తగా ఎవరికీ ఏ మాటా ఇవ్వకండి.