సెయింట్ లూయిస్ పాత రేవుపేట: ఆర్చ్ కోసం బలిపెట్టారా, అప్పటికే చచ్చిపోయిందా?

గట్టుమీద కాకి:
మొన్న అమ్మానాన్నలు వస్తే అందరిలాగే గేట్‌వే ఆర్చ్‌కి, అదే నది ఒడ్డున ఉన్న ఆ పెద్ద ఉక్కు తోరణానికి, తీసుకెళ్ళాను. నాన్న పైకెక్కి చూశారు, దిగారు, మిసిసిపీ వైపు తిరిగి కాసేపు నిలబడ్డారు. "పెద్ద రేవు ఊరంటావు. రేవేదిరా?" అన్నారు. చూపించడానికి రాళ్ళు పరిచిన ఏటవాలు గట్టు తప్ప నా దగ్గర ఏమీ లేదు. వరదొస్తే అదీ నీళ్ళలోనే.

1764లో ఫ్రెంచి వ్యాపారి లాక్లీడ్, ఆయన వెంట పద్నాలుగేళ్ళు నిండాయో లేదో అన్న షోటో కుర్రాడు చర్మాల వ్యాపారం కోసం ఊరు పెట్టిన నేల ఇప్పుడు ఆర్చ్ చుట్టూ ఉన్న పచ్చిక కిందే ఉంది. 1939లో కూల్చడం మొదలుపెట్టి 1942 కల్లా సుమారు 40 బ్లాకులు చదును చేసేశారు. పాత కెథెడ్రల్‌నూ పాత కోర్టునూ వదిలారు. పుట్టిన చోటును చెరిపేసి, ఆ చోటే దేశం పడమటికి విస్తరించినందుకు స్మారకం కట్టుకున్న ఊరు ఇంకోటి ఉందా అని నా బాధ. కాదనేవాళ్ళు చెప్పండి.

పాతపటాలు:
కాకి గారూ, మీరు ఏడుస్తున్న ఊరు 1939 నాటికి అక్కడ లేదండీ.

ఫ్రెంచి వాళ్ళు కట్టిన కర్ర ఇళ్ళంటారా, వాటిలో చాలావరకు అంతకు ముందే పోయాయి. 1849 మే 17 రాత్రి వైట్ క్లౌడ్ అనే స్టీమరుకు నిప్పంటుకుంది. కట్టుతాళ్ళు కాలి తెగిపోయి అది ప్రవాహంలో పడి పక్క పడవలను అంటించింది. మొత్తం 23 స్టీమర్లు, గట్టు మీదికి పాకిన మంటలో 430 దాకా ఇళ్ళూ కొట్లూ బూడిద. అదే ఏడు కలరా వచ్చి ఊళ్ళో దాదాపు పదోవంతు మందిని పట్టుకుపోయింది. 1939లో కూల్చినవి చాలావరకు ఆ తర్వాత లేచిన ఇటుక గోదాములు.

ఆ గోదాములకు పని లేకుండా చేసింది ఎవరు? రైలు. మిసిసిపీ మీద మొదటి రైలు వంతెన 1856లో రాక్ ఐలండ్ దగ్గర పడింది, లాభం చికాగోకు. మనకు ఈడ్స్ బ్రిడ్జి వచ్చేసరికి 1874 జులై 4. 1880 లెక్కల్లో చికాగో జనాభా 5 లక్షలు దాటితే మనది మూడున్నర లక్షలు. వంతెన వచ్చాక సరుకు గట్టు మీద దిగాల్సిన అవసరమే తగ్గిపోయింది. స్టీమరే నమ్ముకున్న పేట ఏమవుతుంది? సగం ఖాళీ, సగం పాడు. ఆర్చ్ చంపలేదు, శవాన్ని ఎత్తిందంతే.

చిన్నా:
ఈడ్స్ బ్రిడ్జి మీద ఏనుగును నడిపించారంటారే, నిజమేనా? 😀

పాతపటాలు:
నిజమే చిన్నా. గట్టిగా లేని వంతెన మీద ఏనుగు కాలు పెట్టదని జనం నమ్మకం. 1874 జూన్‌లో సర్కస్ ఏనుగును నడిపించారు, దాటేసింది. జనానికి రైలింజన్ల పరీక్షకన్నా అదే పెద్ద సర్టిఫికెట్టు. ఆ వంతెన కట్టిన ఈడ్స్ మొదట్లో మునిగిపోయిన స్టీమర్ల సరుకు పైకి తీసి బతికినవాడు. నది అడుగు ఎలా కదులుతుందో గంటలో కూర్చుని దిగి చూసినవాడు. గంటంటే గుడి గంట కాదు, డైవింగ్ బెల్, మనిషిని నీటి అడుగుకు దింపే గాలి తొట్టి!

సుజాత:
పాతపటాలు గారు "శవం" అనేశారు గానీ, 1930ల్లో న్యూ ఆర్లీన్స్ ఫ్రెంచి క్వార్టర్ ఏమైనా పెళ్ళికూతురిలా ఉందా? అదీ పాడుబడ్డ పేటే, అదే నది ఒడ్డు, అవే సంవత్సరాలు. అక్కడ 1936లో రాష్ట్ర రాజ్యాంగాన్నే సవరించి దాన్ని కాపాడుకోవడానికి కమిషన్‌కు దారి వేశారు. ఇక్కడ 1935లో కూల్చడానికి డబ్బు కోసం ఓటింగు పెట్టారు. బాండ్లు 75 లక్షల డాలర్లు. అందులో దొంగ ఓట్లు పడ్డాయని తర్వాత పోస్ట్-డిస్పాచ్ పత్రికే బయటపెట్టింది.

కర్ర ఇళ్ళు కాదు కాబట్టి విలువ లేదా? 1849 మంట తర్వాత కట్టినవాటిలో పోత ఇనుప ముఖాలున్న కట్టడాలు బోలెడు. స్తంభాలు, కిటికీ చట్రాలు మూసలో పోసి తెచ్చి బిగించినవి. గిడియన్ లాంటి వాస్తుచరిత్రకారుడు వచ్చి చూసి మెచ్చుకున్నాడు. అప్పటికి కూల్చుడు ఖాయమైపోయింది.

ఇంకోటి. అందరం "ఆర్చ్ కోసం" అంటున్నాం. కాకి గారు కూడా. కూల్చేనాటికి ఆర్చ్ అన్న ఊహే లేదు! దాన్ని గీసిన వాస్తుశిల్పి సారినెన్ గెలిచిన డిజైన్ పోటీ 1947-48లో. ఆర్చ్ నిలబడింది 1965 అక్టోబరులో. మధ్యలో ఇరవై ఏళ్ళు ఆ జాగా ఏమిటో తెలుసా? కార్లు పెట్టుకునే బయలు. ముందు కొట్టేశారు, ఏం కట్టాలో తర్వాత ఆలోచించారు. కావలసింది ఫెడరల్ డబ్బూ, 1930ల ఆర్థిక మాంద్యంలో కూలి పనీ, డౌన్‌టౌన్ స్థలాలకు ధరా. స్మారకం పేరు అందుకు పనికొచ్చింది.

పాతపటాలు:
కార్ల బయలు మాట ఒప్పుకుంటున్నానండీ. కానీ ఈడ్స్ బ్రిడ్జికి ఉత్తరాన తొమ్మిది బ్లాకులు కూల్చకుండా వదిలారు కదా, లాక్లీడ్స్ ల్యాండింగ్. దాన్నేం చేసుకున్నారు? కొన్నాళ్ళు బార్లు, ఆ తర్వాత "అద్దెకు ఇవ్వబడును" బోర్డులు. నలభై మిగిలినా అంతే.

సుజాత:
చుట్టూ ఊరుంటే తొమ్మిది బ్లాకులు బతుకుతాయి. అటు హైవే, ఇటు వంతెన, అటు పక్క పార్కు పెట్టి బతకమంటే ఎలా? ఈ అలవాటు అక్కడితో ఆగిందా? 1959లో మిల్ క్రీక్ వ్యాలీ పేటను కూల్చడం మొదలుపెట్టారు, అక్కడ దాదాపు 20,000 మంది, ఎక్కువ మంది నల్లవాళ్ళు. అదే "పాడుబడ్డ పేట" మాట. 1964లో కడుతున్న ఆర్చ్ కాలు మీదికి పౌరహక్కుల కార్యకర్తలు పెర్సీ గ్రీన్, రిచర్డ్ డేలీ ఎక్కి కూర్చున్నది అక్కడ పనిలో నల్లవాళ్ళకు చోటివ్వలేదనే. ఆ కాలు ఎదుటే బానిసగా ఉన్న డ్రెడ్ స్కాట్ స్వేచ్ఛ కోసం దావా వేసిన కోర్టు.

బార్జి బాబాయ్:
నేను సరుకు రవాణా ఉద్యోగంలో ఉన్నాను. ఇద్దరూ రేవు చచ్చిపోయిందనే అంటున్నారు, అదే నాకు అర్థం కాదు. రేవు చావలేదు, జరిగింది. పై నుంచి వచ్చే పడవలకు ఆఖరి లాకు (నీటిమట్టం మార్చి పడవలను ఎక్కించి దించే గేట్ల గది) గ్రానైట్ సిటీ దగ్గర. అక్కణ్ణుంచి గల్ఫ్ దాకా ఒక్క లాకు కూడా లేదు. లాకుల్లో 15 బార్జిలు (సరుకు మోసే చదును పడవలు) కట్టి తెస్తారు, కింద 30 పైన కట్టి ఒకే టోబోటు నెట్టుకుపోతుంది (పేరుకు లాగేది, చేసేది నెట్టడం). మొక్కజొన్న, సోయా ఇలాగే పోతాయి. స్టీమర్ల కాలంలో కన్నా ఎక్కువ బరువే. మనుషులు అక్కర్లేదు కాబట్టి మనకు కనపడదు.

రేవు జరగడం కొత్తా? 1837లో ఇసుక మేటలు పడి నీళ్ళు ఇల్లినాయి వైపు పోతుంటే, ఊరి రేవు ఎండిపోతుందని సైన్యం ఒక ఇంజనీరును పంపింది. రాబర్ట్ లీ, అవును, తర్వాత అంతర్యుద్ధంలో దక్షిణాది సైన్యాన్ని నడిపిన ఆ లీనే. కట్టలు వేసి ప్రవాహాన్ని ఇటు తిప్పాడు. ఆ రేవు దేవుడిచ్చింది కాదు.

గట్టుమీద కాకి:
సుజాత గారూ, "ఆర్చ్ కోసం" అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను. కోపం మాత్రం తగ్గలేదు, ఇంకా పెరిగింది. బాబాయ్, నాన్న వచ్చే నెల వెళ్ళిపోతారు. బార్జిలు కనపడే చోటు ఎక్కడ? పాత చైన్ ఆఫ్ రాక్స్ బ్రిడ్జి బాగుంటుందంటున్నారు.

బార్జి బాబాయ్:
అక్కడికి వెళ్ళొద్దు. బ్రిడ్జి బాగుంటుంది గానీ కింద రాళ్ళు, అందుకే బార్జిలన్నీ పక్క కాలువలోంచి పోతాయి. ఈడ్స్ బ్రిడ్జి మీదికే తీసుకెళ్ళు, నడవడానికి దారుంది. కింద అంతస్తులో మెట్రో పోతుంటే కాళ్ళ కింద కాస్త అదురుతుంది, అమ్మగారికి ముందే చెప్పు.