బెంగళూరులో బైపోలార్ బాగా తెలిసిన తెలుగు థెరపిస్టు ఎవరైనా ఉన్నారా?

మాది కర్నూలు, ఉండేది మారతహళ్లిలో. బైపోలార్‌కి (మనసు కొన్నాళ్లు అతి ఉత్సాహంలోకి, కొన్నాళ్లు డిప్రెషన్‌లోకి వెళ్లే జబ్బు) లిథియం వాడుతున్నాను. సైకియాట్రిస్టు బాగానే చూస్తారు. లిథియం లెవెల్, థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు వేళకి చేయిస్తారు. మందులతో ఇబ్బంది లేదు. కావలసింది కూర్చుని మాట్లాడేవాళ్లు.

ఇంతకుముందు చూసిన థెరపిస్టు డిప్రెషన్ గురించైతే చక్కగా మాట్లాడేవారు. అదే, రాత్రి రెండింటికి వంటింటి డబ్బాలన్నీ దించి కడుగుతూ, మధ్యలో ఫోన్లో ఇంకో మిక్సీ ఆర్డర్ పెట్టానంటే ‘ఎనర్జీ బాగుంది, మంచిదేగా’ అన్నారు. అసలు భయపడాల్సింది అక్కడే కదండీ! నిద్ర తగ్గినా అలసట లేదన్నప్పుడే పట్టుకోగలిగినవాళ్లు కావాలి. ఆలోచనల తీరు మార్చుకోవడం నేర్పే సీబీటీ గానీ, నిద్ర, తిండి వేళలు గాడిలో పెట్టే ఐపీఎస్ఆర్‌టీ గానీ చేసేవాళ్లయితే మరీ మేలు. ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ మాత్రం ఉండాలి.

తెలుగే ఎందుకంటే, అమ్మని కూడా ఒకటి రెండు సెషన్లకి తీసుకెళ్లాలి. అమ్మకి కన్నడ, ఇంగ్లీషు రావు. పైగా ‘పెళ్లయితే అదే సర్దుకుంటుంది’ దగ్గరే ఉంది ఆవిడ.

హోసూరు రోడ్డులోని మానసిక ఆసుపత్రి నిమ్హాన్స్‌లో థెరపీకి ఎవరైనా వెళ్లారా? తెలుగు మాట్లాడేవాళ్లు దొరుకుతారా? ప్రైవేటులో ఫీజు ఎంతవుతోంది? మొదటి సెషన్లో ఏం అడిగితే వాళ్లకి బైపోలార్ తెలుసో లేదో తేలుతుంది? ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 నంబరు నా దగ్గరుంది, నాకు కావలసింది నెలల తరబడి చూసేవాళ్లు.