డాంటే ఏవియోకు మైక్ పెడితే సౌండ్ వస్తలేదు

హన్మకొండ ఆడియో: అన్నలూ, బతుకమ్మ ప్రోగ్రాం, స్టేజీ నుంచి మిక్సర్‌కు 70 మీటర్లు. సౌండ్‌ను నెట్‌వర్క్ కేబుల్ మీద పంపే చిన్న డబ్బా, రెండు ఛానళ్ల డాంటే ఏవియో అనలాగ్ ఇన్‌పుట్‌కు డైనమిక్ మైక్ నేరుగా పెడితే వినీ వినపడనట్టుంది, గెయిన్ పెంచితే హిస్. కండెన్సర్ అసలే పలుకుతలేదు.

ఓరుగల్లు మిక్స్: అది లైన్ లెవెల్ (మిక్సర్, కీబోర్డ్ లాంటి వాటి నుంచి వచ్చే పెద్ద సిగ్నల్) డబ్బా తమ్మీ. లోపల మైక్ ప్రీఆంప్ (మైక్ చిన్న సిగ్నల్‌ను పెంచేది) లేదు, కండెన్సర్ మైక్‌కు కావాల్సిన 48 వోల్టుల ఫాంటమ్ కరెంటూ రాదు. మైక్ సిగ్నల్ లైన్ కంటే సుమారు 50 డీబీ తక్కువ, కన్సోల్‌ల డిజిటల్ గెయిన్ పెంచితే నాయిస్ కూడా అంతే లేస్తది. ముందు ప్రీఆంపో చిన్న మిక్సరో పెట్టి, బ్యాలెన్స్‌డ్ అవుట్ ఇందులకియ్యి. మైకులు ఎనిమిదైతే ఇవన్నీ దండగ, మైక్ ప్రీఆంపులు లోపలే ఉన్న డాంటే స్టేజ్‌బాక్స్ కిరాయికి తెచ్చుకో.

కాజీపేట లైవ్: నెట్‌వర్క్ స్విచ్ కూడా చూసుకో. ఏవియోకు పీఓఈ (నెట్‌వర్క్ కేబుల్ మీదనే వచ్చే కరెంటు) కావాలె, పీఓఈ పోర్టో ఇంజెక్టరో ఉండాలె. ఈఈఈ (స్విచ్ కరెంటు పొదుపు సెట్టింగ్) ఆన్ ఉంటే ఆడియో మధ్యమధ్యల తెగుతది, ఆపెయ్. 70 మీటర్లకు క్యాట్6 సరిపోతది, కానీ అల్యూమినియం తీగకు రాగి పూత వేసిన చవక కేబుల్ వద్దు, పీఓఈ వోల్టేజ్ పడిపోతది.

హన్మకొండ ఆడియో: కీబోర్డ్‌కు?

ఓరుగల్లు మిక్స్: అది లైన్ లెవెలే, నేరుగా పెట్టు. కంప్యూటర్‌ల నడిచే సెట్టింగుల సాఫ్ట్‌వేర్ డాంటే కంట్రోలర్‌ల ఇన్‌పుట్ లెవెల్ +24 డీబీయూ (సిగ్నల్ లెవెల్ కొలత) మీదుంటే తక్కువొస్తది. +4కు దించు, క్లిప్ అయితే మళ్ల పెంచు.