కట్టుబడి పని చేసే చేతికి విగ్రహం చెక్కడం వస్తుందా?

రాతి కట్టుబడి మా ఇంటి పని. గడపలు, మెట్లు బాగానే చెక్కుతాను. విగ్రహాలు నేర్చుకోవాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆళ్లగడ్డ కుర్రోడు: ఉలి పట్టు ఉంటే సగం వచ్చినట్టే అంటారు గానీ నేను ఒప్పుకోను అన్నా. గడపకి పైమొహం చదునుగా వస్తే చాలు, విగ్రహానికి నాలుగు వైపులా ఒకేసారి లెక్క పెట్టుకోవాలి, ముక్కు దగ్గర ఒక్క దెబ్బ ఎక్కువ పడిందంటే మొహమంతా ఇంకా లోపలికి దింపుకుంటూ రావాల్సిందే. ముందు బొమ్మ గీయడం నేర్చుకో.

తాళమానం: గీతతో పాటు కొలతలు కూడా. నవతాళంలో (నిలువు మొహానికి తొమ్మిది రెట్లు ఉండే శిల్ప కొలత) మొహం 12 అంగుళాలు, నిలువు మొత్తం 108. ఈ అంగుళం టేపు మీది ఇంచీ కాదు, విగ్రహం సైజును బట్టి మారే భాగం. ఇది తెలియకపోతే ఎంత నునుపు చేసినా దేవుడు పొట్టిగా కనిపిస్తాడు :)

పల్నాటి రాయి: నేరుగా నల్లరాయి మీద పడొద్దు. మా దుర్గిలో చెక్కే సున్నపురాయి మెత్తన, చెయ్యి తిరగడానికి అదే నయం. పద్ధతిగా చదవాలంటే తిరుపతిలో టీటీడీ శిల్ప కళాశాల ఉంది.

అడిగినవాడు: థాంక్స్ అన్నా. పగలు పని మానలేను, సాయంత్రాలు నేర్పేవాళ్లు ఉన్నారా?

ఆళ్లగడ్డ కుర్రోడు: అడిగి చెప్తా. మిషన్ కటింగ్ అయితే నీళ్లు పోస్తూ చెయ్యి, మాస్క్ తియ్యకు, ఆ దుమ్ముకి ఊపిరితిత్తులు పోతాయి.