నాన్నగారి స్పూల్ టేపు 24/192లోకి మార్పించాను, డబ్బు దండగేనా?

కృష్ణలంక శ్రోత:
నాన్నగారు పోయాక అటక మీద పన్నెండు స్పూల్ టేపులు దొరికాయి. అన్నీ కచేరీలే. 1981 నుంచి 84 దాకా శ్రీరామనవమి పందిళ్లలో, తెలిసినవాళ్ల ఇళ్లలో, ఆ బరువైన రికార్డర్ రిక్షాలో వేసుకెళ్లి ఆయనే రికార్డు చేసుకున్నవి. ముందు ఒక్క టేపు పట్టుకెళ్లి ఒక కొట్టులో 24 బిట్, 192 కిలోహెర్ట్జ్‌లోకి మార్పించాను (శబ్దాన్ని సెకనుకి ఎన్ని వేలసార్లు కొలుస్తారో కిలోహెర్ట్జ్, ఎంత సన్నని తేడా దాకా కొలుస్తారో బిట్ అట). గంటకి 4 జీబీ పైనే వచ్చింది. ఇదే టేపుని నాన్నగారు అప్పట్లోనే క్యాసెట్‌లోకి కూడా ఎక్కించారు, మేం చిన్నప్పటి నుంచి విన్నది అదే. రెండూ ఒకదాని తర్వాత ఒకటి వింటే నమ్మలేకపోయాను. క్యాసెట్‌లో గొంతు బరువుగా, కాస్త మందంగా ఉంటుంది. ఈ ఫైల్‌లో మెరిసిపోతోంది, మృదంగం కుడివైపు దెబ్బలు ఖంగు ఖంగుమంటున్నాయి. మా బావ మాత్రం సీడీ క్వాలిటీ చాలు, కొట్టువాడు నీకు టోపీ పెట్టాడు అంటున్నాడు. మిగతా పదకొండూ ఇవ్వనా, ఆగనా? రెండిట్లోంచీ చెరో నిమిషం ముక్క పెట్టాను, వినండి.

బ్రాడీపేట 4వ లైను:
మీ బావ చెప్పింది కరెక్టు. సీడీ 44.1 కిలోహెర్ట్జ్ అంటే 22 కిలోహెర్ట్జ్ దాకా ఉన్న శబ్దం మొత్తం అందులో పడుతుంది, మెట్లు మెట్లుగా కాదు, పూర్తిగా. నలభై దాటిన మన చెవులకి 15 దగ్గరే కష్టం. 16 బిట్ అంటే అతి సన్నని శబ్దానికీ గట్టి శబ్దానికీ మధ్య 96 డెసిబెల్స్ తేడా పట్టుకుంటుంది. ఇళ్లలో వాడిన స్పూల్ రికార్డర్‌లో హిస్‌కీ (టేపు చేసే సరసర రొదకీ) గట్టి శబ్దానికీ మధ్య 60 ఉంటే గొప్ప. రెండు బిందెల నీళ్లకి ట్యాంకర్ పిలిపించినట్టుంది మీ పని. పైగా మన ఊళ్లలో ఏప్రిల్‌లో ఫ్యాన్ ఆపి సంగీతం వినేవాడెవడండి? ఫ్యాన్ తిరిగే గదిలో 40 డెసిబెల్స్ రొద ఎటూ ఉంటుంది. సీడీలోని అతి సన్నని శబ్దం దాని మీదకి తేలాలంటే గట్టి శబ్దాన్ని 136 దాకా పెంచాలి, అప్పుడు కావలసింది స్పీకర్లు కాదు, చెవుల డాక్టరు.

2007లో మేయర్, మొరాన్ అని ఇద్దరు ఎస్ఏసీడీ (సీడీ కంటే ఎక్కువ క్వాలిటీ డిస్కు) పాటల్ని నేరుగా ఒకసారీ, మధ్యలో 16/44.1, అంటే సీడీ క్వాలిటీ గుండా పంపించి ఒకసారీ వినిపించి, ఏది ఏదో చెప్పమన్నారు. 554 సార్లలో 276 సార్లు కరెక్టుగా చెప్పారు. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది.

పటమట హెడ్‌ఫోన్స్:
4వ లైను గారూ, సగం కథే చెప్పారు. 2016లో రైస్ అనే ఆయన అలాంటి పరీక్షలన్నీ కలిపి లెక్క వేస్తే కరెక్టు జవాబులు 52.3 శాతం వచ్చాయి. చిన్న తేడానే, కానీ గాలివాటం కాదు, అందులోనూ వినడంలో శిక్షణ ఉన్నవాళ్లు ఇంకా బాగా చెప్పారు. అయినా అసలు పాయింటు వినడం కాదండి. ఇంత పాత టేపు ఒక్కసారే సరిగ్గా తిరగచ్చు, రెండోసారికి పొడి రాలచ్చు. అందుకే ధ్వని ఆర్కైవుల అంతర్జాతీయ సంఘం వాళ్లు కూడా 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ చేసుకోమంటారు. తర్వాత ఎప్పుడైనా చిటపటలు తీసేయాలన్నా, లెవెల్ పెంచాలన్నా చోటు ఉంటుంది. 192 మాత్రం దండగే, అది ఒప్పుకుంటా. వినడానికి సీడీ సైజు కాపీ ఒకటి వేరే తీసుకోండి.

అరండల్‌పేట రికార్డులు:
ఈ బిట్లూ కిలోహెర్ట్జ్‌లూ పక్కన పెట్టండి బాబూ. నా దగ్గర 70ల నాటి ఎల్పీలు నూట యాభై దాకా ఉన్నాయి, వీణ ఎల్పీలో విన్నట్టు ఏ డిజిటల్‌లోనూ వినలేదు. మీటు వేశాక నాదం సాగే తీరులో ఒక నిండుతనం ఉంటుంది. డిజిటల్ అంటే ముక్కలు చేసి అతికించడమే కదా, తంబూరా జీవ (తీగ కింద దారం తెచ్చే ఝంకారం) మీదే ముందు తెలిసిపోతుంది.

బ్రాడీపేట 4వ లైను:
సార్, మీకు నిండుగా అనిపిస్తే అనిపించనివ్వండి, ఎల్పీ శబ్దం నాకూ ఇష్టమే. కానీ డిజిటల్ అయితే తెలిసిపోతుంది అన్న మాట 2022తో పోయింది. మొబైల్ ఫిడిలిటీ అని అమెరికాలో ఖరీదైన ఎల్పీలు వేసే కంపెనీ ఉంది, అనలాగ్ అంటే ప్రాణం పెట్టేవాళ్లు ఎగబడి కొనేది. వాళ్ల రికార్డుల్లో చాలా వాటికి మధ్యలో డీఎస్‌డీ అనే డిజిటల్ మెట్టు ఉందని ఆ ఏడాది బయటపడింది, అదీ 2011 నుంచి. అన్నేళ్లూ "ఆహా, ఇదీ అనలాగ్" అని రాసిన ఒక్కరి చెవీ అనుమానించలేదు.

ఇంకోటి, ఎల్పీ ఒక వైపు ఇరవై, పాతిక నిమిషాలు. పల్లవి మంచి పట్టులో ఉండగా లేచి రికార్డు తిప్పాలి. మనవాళ్లకి సీడీ చేసిన మేలు ఏదైనా ఉందంటే ఆ 74 నిమిషాలే. మనం పెరిగింది మాత్రం విజయవాడ రేడియో మీద. మీడియం వేవ్‌లో ఐదారు కిలోహెర్ట్జ్ దాటి ఏమీ వచ్చేది కాదు, అందులోనే భక్తిరంజని విన్నాం, వోలేటి వెంకటేశ్వర్లు గారి గమకాలు పట్టుకున్నాం.

కృష్ణలంక గారూ, మీకు చెప్పేది ఒకటే. క్యాసెట్‌తో పోలిస్తే ఏదైనా మెరుస్తుంది. మీ ఫైల్‌నే 16/44.1కి మార్చి, వాల్యూమ్ తేడా లేకుండా చూసి (కాస్త గట్టిగా ఉన్నదే మంచిదనిపిస్తుంది, ఎంతటివాడికైనా), ఫూబార్ 2000 అనే ప్లేయర్‌లో ఏబీఎక్స్ (ఏది ఏదో చూపించకుండా వినిపించే పరీక్ష) పెట్టుకుని కళ్లు మూసుకుని పదిసార్లు చెప్పండి. తొమ్మిది వస్తే నేనే మీ ఇంటికొచ్చి సారీ చెప్తా. బ్లూటూత్‌లో మాత్రం వినకండి, అది మామూలుగా ఎంపీ3 లాగే కుదించి పంపిస్తుంది.

వయొలిన్ టీచర్, సత్యనారాయణపురం:
అందరూ ఫార్మాట్ గురించే మాట్లాడుతున్నారు, ముక్కలు ఎవరైనా విన్నారా అసలు? శ్రుతి పెట్టె పక్కన పెట్టుకుని విన్నాను. క్యాసెట్ ముక్క ఒకటిన్నర శ్రుతి మీద సరిగ్గా కూర్చుంది. 192 ఫైల్ దాదాపు అర శ్రుతి పైకి, రెండుకి పోయింది, రెండుకి కొద్దిగా కింద. ఒకటే కచేరీకి రెండు శ్రుతులు ఎలా వస్తాయండి? మీరు మెరుపు అంటున్నది టేపు స్పీడుగా తిరగడమే. గొంతు సన్నబడింది, మృదంగం పిల్లలు నేర్చుకునే చిన్న మృదంగంలా ఉంది, తోడిలో గాంధారం ఊగాల్సినంత నిదానంగా ఊగట్లేదు. నా శిష్యులు ఎవరైనా ఈ ఫైల్ పెట్టుకుని సాధన చేస్తే తోడి పాడైపోతుంది.

బ్రాడీపేట 4వ లైను:
టీచర్ గారూ, తప్పు క్యాసెట్‌ది కావచ్చుగా? క్యాసెట్ డెక్కులు స్పీడు తప్పడం మామూలే. ఇప్పుడే ఫైల్‌ని ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో వేసి స్పెక్ట్రమ్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శబ్దం ఉందో చూపే బొమ్మ) చూశాను. పందిట్లో మైకు సెట్టు తాలూకు కరెంటు హమ్ (గుయ్‌మనే రొద) సన్నగా వినిపిస్తోంది, అది కచ్చితంగా 50 హెర్ట్జ్ దగ్గరుంది. మన దేశంలో కరెంటు 50 కాబట్టి ఫైల్ స్పీడు కరెక్టే.

ఇబ్రహీంపట్నం రిటైర్డ్:
సంగీతం నాకు పెద్దగా తెలియదు, ముప్ఫై ఏళ్లు కరెంటు తయారుచేసే చోట పని చేశాను కాబట్టి ఒక మాట చెప్తాను. 80ల్లో మన దక్షిణాది గ్రిడ్‌లో 50 అనేది కాగితం మీద మాటే. సాయంత్రం లోడు పడిందంటే ఫ్రీక్వెన్సీ 48 చుట్టుపక్కలకి జారిపోయేది. 2003లో తక్కువ ఫ్రీక్వెన్సీలో లాగితే ఎక్కువ ధర కట్టించే టారిఫ్ పెట్టాకే దారికొచ్చింది. ఇళ్లలో స్టెబిలైజర్లు ఉండేవి కదా అంటారేమో, అవి ఓల్టేజీని సరిచేస్తాయి, ఫ్రీక్వెన్సీని ముట్టుకోవు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ కాలపు బరువు రికార్డర్లలో చాలావాటికి కరెంటుతో నేరుగా తిరిగే ఏసీ మోటారు. ఫ్రీక్వెన్సీ తగ్గితే మోటారూ అంతే తగ్గుతుంది. 48లో రికార్డు చేస్తే టేపు నాలుగు శాతం నిదానంగా నడిచింది, హమ్ కూడా 48దే. అదే టేపుని ఇవాళ సరైన స్పీడుతో వేస్తే హమ్ బుద్ధిగా 50 చూపిస్తుంది, ఎందుకంటే అదీ మోటారూ కలిసే తగ్గాయి. కానీ పాట నాలుగు శాతం పైకి పోతుంది. మీరు చూసిన 50 మిమ్మల్ని మోసం చేసింది సార్.

క్యాసెట్ సరిగ్గా ఎందుకుందో కూడా ఊహించగలను. నాన్నగారు ఆఫీసు నుంచి వచ్చాక, సాయంత్రం పూటే, అదే రికార్డర్‌లో టేపు వేసి క్యాసెట్‌లోకి ఎక్కించి ఉంటారు. అప్పుడూ 48. నిదానంగా రికార్డయింది నిదానంగానే తిరిగింది, లెక్క సరిపోయింది. క్యాసెట్ డెక్కులో ఉండేది డీసీ మోటారు, దానికి ఈ గొడవ పట్టదు. నా మాట నిజమైతే క్యాసెట్ ముక్కలో హమ్ 48 దగ్గర ఉండాలి. చూడండి.

వయొలిన్ టీచర్, సత్యనారాయణపురం:
నాలుగు శాతం అంటే అర శ్రుతిలో ముప్పావుకి కొంచెం తక్కువ. నా చెవికి వినిపించింది కూడా అంతే.

బ్రాడీపేట 4వ లైను:
చూశాను. 48.1. నేను ఇంక మాట్లాడను, కనీసం ఇవాళ్టికి.

అరండల్‌పేట రికార్డులు:
అంటే చివరికి నెగ్గింది అనలాగ్ క్యాసెట్ అన్నమాట!

పటమట హెడ్‌ఫోన్స్:
క్యాసెట్ నెగ్గలేదు సార్, దాంట్లో హిస్ వింటే దోసె పోస్తున్నట్టుంది. కృష్ణలంక గారూ, ఫైల్ పారేయకండి. ఆడాసిటీలో ఛేంజ్ స్పీడ్‌కి వెళ్లి 0.96 ఇవ్వండి. టెంపో అని ఇంకో ఆప్షన్ ఉంటుంది, అది కాదు, అది వేగాన్ని మార్చి శ్రుతిని అలాగే ఉంచేస్తుంది. తర్వాత టీచర్ గారికి మళ్లీ వినిపించండి.

కృష్ణలంక శ్రోత:
అందరికీ థాంక్స్ అండి. రెండు రోజులు దీని మీదే కూర్చున్నాను. ముందు పరీక్ష సంగతి: పదికి ఐదు. మా బావకి ఇంకా చెప్పలేదు, చెప్పను కూడా. 0.96 ఇచ్చి విన్నాను, నాకు తెలిసిన గొంతు వచ్చింది, క్యాసెట్ హిస్ లేకుండా. కాకపోతే మొదటి కీర్తన బాగానే ఉంది, చివరి మంగళం దగ్గరికొచ్చేసరికి శ్రుతి పెట్టెతో పోలిస్తే మళ్లీ కొద్దిగా తేడా కొడుతోంది.

కొట్టువాడికి ఫోన్ చేసి స్పీడు గురించి మొత్తం వివరించాను. ఓపిగ్గా విని, "అయితే సార్, 384లో చేద్దాం, అందులో ఏ ప్రాబ్లమూ రాదు" అన్నాడు.

ఇబ్రహీంపట్నం రిటైర్డ్:
చివర్లో తేడా వస్తుంది. రాత్రి పది దాటితే ఊళ్లో లోడు తగ్గుతుంది, ఫ్రీక్వెన్సీ మెల్లగా లేస్తుంది. టేపంతటికీ ఒకే లెక్క పనికిరాదు, కీర్తనకి కీర్తన చూసుకోవాలి. మిగతా పదకొండు టేపుల అట్టల మీద తేదీ, టైము ఏమైనా రాసి ఉన్నాయా? ఉంటే ఫొటో తీసి పెట్టండి.