చావుబతుకుల్లో ఉన్న హార్డ్ డిస్క్: ముందు ఇమేజ్ తీయాలా, కావాల్సిన ఫైళ్ళు లాగేసుకోవాలా?

నీలిస్క్రీన్:
లాప్‌టాప్‌లో 1 టీబీ హార్డ్ డిస్క్, ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైళ్ళు సర్దుకునే పద్ధతి), విండోస్ కూడా దాని మీదే. ఈ మధ్య ఏ ఫోల్డర్ తెరిచినా చక్రం తిరుగుతూ కూర్చుంటోంది, కొన్ని ఫొటోలు సగం వరకే వచ్చి కిందంతా బూడిద రంగు. టక్ టక్ శబ్దం అయితే లేదు. డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో పసుపు రంగులో కాషన్ అంటోంది, కరెంట్ పెండింగ్ సెక్టర్లు (చదవబోతే రాని చిన్న ముక్కలు) 112, రీఅలొకేటెడ్ (చెడిపోయి వేరే చోటికి మార్చేసినవి) 40. బ్యాకప్ లేదు, తిట్టేవాళ్ళు తిట్టుకోండి. కావాల్సింది నాన్న పాడి రికార్డు చేసుకున్న ఆడియోలు, ఫొటోలు, కొన్ని లెక్కల ఫైళ్ళు. ఖాళీ 2 టీబీ డిస్క్ ఒకటి తెచ్చిపెట్టుకున్నా. ఒక ఫ్రెండేమో ముందు మొత్తం ఇమేజ్, అంటే డిస్క్ అంతటికీ యథాతథ నకలు, తీసెయ్ అంటాడు, ఇంకొకడేమో అంతసేపు అది బతకదు, కావాల్సినవి ముందు లాగేసుకో అంటాడు. ఏం చేయమంటారు?

తొందరరాయుడు:
విండోస్‌లో చెక్‌డిస్క్ కమాండ్ కొట్టు బ్రో, స్లాష్ ఆర్ పెట్టి. నాది అట్టాగే సెట్ అయ్యింది

కెర్నల్‌కాకా:
పై సలహా దయచేసి ఎవరూ పాటించకండి. చెక్‌డిస్క్ పని ఫైల్ సిస్టమ్‌ని ఒక దారికి తేవడం, మీ ఫైళ్ళని కాపాడటం కాదు. అర్థం కాని ఎంట్రీ కనపడితే కొట్టేస్తుంది, దిక్కులేని ముక్కల్ని ఫౌండ్.000 అనే ఫోల్డర్‌లో పడేస్తుంది, ఇదంతా ఆ జబ్బు డిస్క్ మీదే రాస్తుంది, వెనక్కి తిప్పుకోలేరు. స్లాష్ ఆర్ అయితే డిస్క్ మొత్తం చదివిస్తుంది కూడా, పోనీ చదివింది ఎక్కడైనా దాచిపెడుతుందా అంటే అదీ లేదు.

ఇమేజే ముందు, ఇందులో రెండో మాట లేదండి. విండోస్ ఆపేసి లైనక్స్ లైవ్ యూఎస్‌బీతో (పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లైనక్స్) బూట్ చేసి గ్నూ డీడీరెస్క్యూ (చెడ్డ డిస్క్ నుంచి ఇమేజ్ తీసే ప్రోగ్రాం) నడపండి. మామూలు కాపీ కమాండ్ డీడీ వద్దు. డీడీరెస్క్యూ తెలివి ఎక్కడుందంటే, మొదటి విడతలో సులువుగా వచ్చేవన్నీ గబగబా తీసేసుకుంటుంది, ఎర్రర్ తగిలితే అక్కడ కూర్చోకుండా కొంత దూరం దూకి ముందుకెళ్తుంది, మళ్ళీ తగిలితే ఇంకా పెద్ద దూకుడు. వదిలేసిన చోట్లకి తర్వాత వచ్చి ట్రిమ్మింగ్ (చెడ్డ చోటు అంచులు తేల్చడం), ఆ తర్వాత స్క్రేపింగ్ (మిగిలింది సెక్టర్ సెక్టర్‌గా గీకడం), చివర్లో మీరు అడిగితేనే రీట్రై. ఏ సెక్టర్ వచ్చింది ఏది రాలేదు అన్నది మ్యాప్‌ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటు నుంచే మొదలెడుతుంది. మొదటిసారి మైనస్ ఎన్ ఆప్షన్ పెట్టండి, స్క్రేపింగ్ జోలికి పోదు.

రాత్రిబండి:
కాకా, డీడీరెస్క్యూ మంచిదే, ఎవరు కాదన్నరు. కానీ ఆయనకి కావాల్సింది ఎంత, మహా అయితే ఒక 30 జీబీ ఉంటదేమో. దాని కోసం 1 టీబీ మొత్తం గీకిస్తవా? బాగున్న డిస్క్ సెకనుకు 100 ఎంబీ లెక్కన చదివినా మూడు గంటలకి కాస్త తక్కువ పడతది, ఇది బాగున్న డిస్క్ కాదు, ఎర్రర్ తగిలిన ప్రతిసారీ సెకన్లకి సెకన్లు తింటది, రోజులు కూడా పట్టొచ్చు. ఆ రోజులన్నీ నీ డీడీరెస్క్యూ ఏం చదువుతదో తెలుసా, పేజ్ ఫైల్, విండోస్ అప్‌డేట్ చెత్త, ఎప్పుడో డిలీట్ చేసిన సినిమాలు, ఖాళీ జాగా. చచ్చేటోడి ఊపిరి లెక్కపెట్టుకుని వాడాలె.

మౌనముని:
112 అన్నది హెక్సా (పదికి బదులు పదహారు ఆధారంగా రాసే అంకె) కాదు కదా? క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో రా వాల్యూస్ మామూలుగా హెక్సాలో చూపిస్తుంది.

కెర్నల్‌కాకా:
@రాత్రిబండి ఫైల్ కాపీ అంటే సాఫీగా 30 జీబీ చదివేయడం అనుకుంటున్నారు, అక్కడే తేడా. ఒక్కో ఫైల్‌కి ముందు ఎంఎఫ్‌టీలో (ఫైళ్ళన్నిటి పట్టిక) ఎంట్రీ చూడాలి, తర్వాత ఫోల్డర్ ఇండెక్స్, తర్వాత ఆ ఫైల్ ముక్కలు ముక్కలుగా ఎక్కడెక్కడ పడుందో అక్కడికల్లా హెడ్ (డిస్క్‌ని చదివే భాగం) పరిగెత్తాలి. వేల ఫొటోలంటే వేల పరుగులు. ఇమేజ్ అయితే వరసగా పోతుంది, హెడ్‌కి శ్రమ తక్కువ. పైగా ఎక్స్‌ప్లోరర్‌లో కాపీ పెడితే చెడ్డ సెక్టర్ దగ్గర డిస్క్ తనంతట తను మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది, దాని పైన విండోస్ ఇంకోసారి అడుగుతుంది, మీరు ట్రై అగైన్ నొక్కుతారు, అన్నీ ఆ ఒక్క చోటే.

రాత్రిబండి:
నేను ఎక్స్‌ప్లోరర్ అన్ననా? ఎక్కడన్నా చూపెట్టు. లైవ్ లైనక్స్‌లోనే రీడ్ ఓన్లీగా మౌంట్ చేసి (ఏమీ రాయకుండా చదవడానికే తెరిచి) ఆడియో ఫోల్డర్ ఒక్కటి కాపీ చేసుకో అంటున్న, ఎర్రర్ వచ్చిన ఫైల్ వదిలేసి ముందుకు పో అంటున్న. అనని మాట అంటగట్టి దాని మీద వాదిస్తున్నవ్.

నీలిస్క్రీన్:
@మౌనముని ఇప్పుడే చూశా, అవును హెక్సానే. అంటే ఎంత?

మౌనముని:
274. ఆ 40 ఏమో 64.

రాత్రిబండి:
చూసినవా, రెండింతలకి మించి ఉంది. అంటే ఇంకా తొందరగా పోతది. ముందు ఫైళ్ళు.

కెర్నల్‌కాకా:
274 అంటే మరీ ఇమేజే ముందు. అంకె పెరిగితే మీ వాదన ఎలా గెలుస్తుందో నాకైతే అర్థం కాలేదు. 274 సెక్టర్లు ఒక్కోటి 512 బైట్లే అనుకుంటే మొత్తం కలిపి 137 కేబీ.

రాత్రిబండి:
పెండింగ్ అంటే డిస్క్ ఇప్పటిదాకా చదవబోయి దొరకబట్టినవి మాత్రమే కాకా. చదవని జాగాల ఏమున్నదో దానికే తెల్వదు. 137 కేబీ అని రాసి జనాన్ని జోకొట్టకు.

బిట్లపిట్ట:
ఇద్దరూ కొట్టుకోవడం కాస్త ఆపితే అడిగిన మనిషికి పనికొచ్చేవి చెప్తాను. నీలిస్క్రీన్ గారూ, విండోస్‌లోకి మళ్ళీ బూట్ అవ్వకండి, ఊరికే ఆన్ చేసినా అది బోలెడు రాస్తుంది. డిస్క్‌ని బయటికి తీసి యూఎస్‌బీ డబ్బాలో పెట్టొద్దు, డిస్క్‌ని యూఎస్‌బీకి కలిపే ఆ బ్రిడ్జ్ చిప్‌లు ఎర్రర్ వచ్చినప్పుడు పిచ్చిగా ప్రవర్తిస్తాయి, కొన్ని ఏకంగా డిస్క్‌నే వదిలేస్తాయి. లాప్‌టాప్‌లోనే ఉంచి, కొత్త డిస్క్‌ని యూఎస్‌బీకి పెట్టండి. వెనక మూత తీసి ఫ్యాన్ గాలి తగిలేలా పెడితే మంచిది. కొత్త డిస్క్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు, ముందు చూసుకోండి. టక్ టక్ మొదలైందా, ఆ క్షణం పవర్ తీసేయండి, అప్పుడు ఇమేజూ వద్దు కాపీ వద్దు, హెడ్ పోయినట్టు, డేటా రికవరీ ల్యాబ్ పని. అక్కడ శుభ్రమైన గదిలో అదే మోడల్ డిస్క్ హెడ్‌లు తీసి వేస్తారు. ఫ్రీజర్‌లో పెట్టమని ఎవడైనా చెప్తే వినకండి, బయటికి తీయగానే డిస్క్ లోపలి పళ్ళెం మీద తేమ పడుతుంది.

తొందరరాయుడు:
ఫ్రీజర్ ట్రిక్ నిజంగా పనిచేస్తుంది అని చాలామంది చెప్పారు

బిట్లపిట్ట:
చెప్పారు. పనిచేయని వాళ్ళు చెప్పరు కదా.

అగమ్యగోచరం:
సోర్స్, డెస్టినేషన్ తారుమారు చేయకండి అన్నా. లైవ్ యూఎస్‌బీలో డిస్క్‌లకి ఇచ్చే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు బూట్ బూట్‌కీ మారొచ్చు. సైజు, సీరియల్ నంబర్ చూసే కమాండ్ కొట్టండి, ఖాళీ డిస్క్‌ని పాత డిస్క్ మీదికి కాపీ చేసిన వాళ్ళున్నారు.

రాత్రిబండి:
సరే ఇప్పుడు నేను ఎందుకు ఇంత గట్టిగా అంటున్ననో చెప్త. మా అక్క పీహెచ్‌డీ చేసేటప్పుడు లాప్‌టాప్ డిస్క్ ఇట్లనే నెమ్మదించింది. తెలిసినాయన ఒకరు వచ్చి, బాగా తెలిసినాయనే, మొత్తం ఇమేజ్ తీద్దాం అని పెట్టిండు. థీసిస్ ఫోల్డర్ అప్పటికి తెరుచుకుంటున్నది, నేను కళ్ళారా చూసిన. అది కాపీ చేసుకుంటే ఒక పెన్‌డ్రైవ్‌ల పట్టేది, అయిదు నిమిషాల పని. కాదన్నడు, డిస్క్‌ని ముట్టుకోవద్దు అన్నడు. సగం కూడా కాకముందే కర్ర్‌మని ఆగిపోయింది. ఆ ఇమేజ్‌ల విండోస్ మొత్తం భద్రంగా ఉన్నది, థీసిస్ లేదు. పద్ధతి మాత్రం కరెక్టే అంట.

కెర్నల్‌కాకా:
బాధాకరమే, కాదనను. కానీ ఒక్కచోట జరిగింది పెట్టుకుని నియమం చేయకూడదండి. నా సంగతీ వినండి. నా డిస్క్ పోతే బాగుచేసేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాను, ఏం కావాలి అన్నారు, ఫొటోలు డాక్యుమెంట్లు అన్నాను, ఆ రెండు ఫోల్డర్లూ తీసిచ్చారు, ఆ కాపీ అయ్యేలోపు డిస్క్ పూర్తిగా పోయింది. ఇంటికొచ్చాక తెలిసింది ఏళ్ళ తరబడి మెయిల్స్ ఉన్న ఔట్‌లుక్ పీఎస్‌టీ ఫైల్ యాప్‌డేటా కింద ఎక్కడో ఉందని. అడిగిన రోజు నాకది గుర్తుకే రాలేదు. ఏం కావాలో ఆ కంగారులో మనిషికి తెలీదు. అందుకే మొత్తం తీయమనేది. మీలాంటి వాళ్ళ తొందర సలహాలే ఎన్నో కొంపలు ముంచాయి.

రాత్రిబండి:
నీలాంటోళ్ళ పట్టుదల కూడా ముంచింది కాకా, ఇప్పుడే చెప్పిన. చదువుకున్నవ్, కమాండ్లు తెలుసు, దాంతోటి ఎదుటోడికి తన సొంత డిస్క్‌ల ఏది ముఖ్యమో తెల్వదని నువ్వే తీర్మానం చేసేస్తవ్.

కెర్నల్‌కాకా:
అవును తెలీదనే అంటున్నాను. నువ్వు మాత్రం అతన్ని అడిగావా? 30 జీబీ అని నువ్వే అనేసుకున్నావు.

రాత్రిబండి:
అతనే రాసిండు కదా, నాన్న ఆడియోలు అని మొట్టమొదట రాసిండు, ఫొటోలు తర్వాత, లెక్కలు ఆఖరికి. వరస చూడు. మనిషి వరసపెట్టి చెప్పుకుంటే నువ్వు సెక్టర్ సున్నా నుంచి మొదలుపెడ్తనంటవ్. నా కొట్లాట అదే, డీడీరెస్క్యూతోని కాదు.

మౌనముని:
ఇది ముందే అంటే సగం థ్రెడ్ మిగిలేది.

కెర్నల్‌కాకా:
వరస అతను చెప్పొచ్చు, నేను వద్దనలేదు. కానీ పోతే పోయింది ఏమిటో కూడా అతనికి తెలియాలి. కాపీ చేసుకున్నవాడికి తను వదిలేసిందేమిటో ఎప్పటికీ తెలీదు. ఇమేజ్ ఉంటే రాని సెక్టర్ల జాబితా చేతిలో ఉంటుంది.

బిట్లపిట్ట:
ఇద్దరికీ సరిపోయేది ఉంది కదా. ఎన్‌టీఎఫ్‌ఎస్ తన దగ్గర బిట్‌మ్యాప్ పెట్టుకుంటుంది, ఏ క్లస్టర్ (కొన్ని సెక్టర్ల గుంపు) వాడకంలో ఉంది ఏది ఖాళీ అని. పార్ట్‌క్లోన్ అనే ప్రోగ్రాంతో ఆ వాడకంలో ఉన్నంతవరకు డొమైన్ ఫైల్‌గా (ఏవి చదవాలో చెప్పే జాబితా) రాయించుకుని డీడీరెస్క్యూకి ఇస్తే ఖాళీ జాగా ముట్టుకోదు. ఇంకా నాజూగ్గా కావాలంటే ఓపెన్‌సూపర్‌క్లోన్ అనే ప్రోగ్రాంలో వర్చువల్ డిస్క్ మోడ్ ఉంది. రికవరీ ప్రోగ్రాం ఏ ఫైల్ అడిగితే ఆ సెక్టర్లే అసలు డిస్క్ నుంచి చదువుతుంది, చదివినవన్నీ ఇమేజ్‌లో చేరిపోతాయి, రెండోసారి అడిగితే ఇమేజ్ నుంచే ఇస్తుంది. ముందు ఆడియో ఫోల్డర్, తర్వాత ఫొటోలు, ఆఖర్న మిగతా డిస్క్, అంతా ఒకే ఇమేజ్.

రాత్రిబండి:
నేను మొదట్నుంచి చెప్తున్నది ఇదే కదా.

కెర్నల్‌కాకా:
ఇది ఇమేజింగే. నేను చెప్పిందే.

అగమ్యగోచరం:
😂😂

నీలిస్క్రీన్:
అందరికీ థ్యాంక్స్. నాకు ఓపెన్‌సూపర్‌క్లోన్ కొరుకుడుపడలేదు, ఉన్న టెన్షన్‌లో కొత్తది నేర్చుకోలేను. లైవ్ లైనక్స్‌లో రీడ్ ఓన్లీగా మౌంట్ చేసి ఆడియో ఫోల్డర్ ఒక్కటి తీసుకున్నా, రెండు ఫైళ్ళు మాత్రం ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్. వాటిని మళ్ళీ కెలకలేదు. అన్‌మౌంట్ చేసి డీడీరెస్క్యూ మైనస్ ఎన్ పెట్టి మొదలెట్టా. చాలాభాగం బాగానే పరిగెత్తింది, 600 జీబీ ప్రాంతంలో స్పీడ్ కేబీల్లోకి పడిపోయి గంటలు గంటలు నత్తనడక, తర్వాత మళ్ళీ లేచింది. ఇప్పుడు ఆ విడత అయిపోయింది, 14 ఎంబీ రాలేదని చూపిస్తోంది. ఆ రెండు పాటలు అందులో ఉన్నాయో లేదో ఎలా తెలుస్తుంది? స్క్రేపింగ్ పెట్టనా?

కెర్నల్‌కాకా:
పెట్టండి, మైనస్ ఎన్ తీసేసి అదే మ్యాప్‌ఫైల్‌తో అదే కమాండ్. 14 ఎంబీ మొత్తం చెడింది కాదు, చాలావరకు దూకేసిన చోట్లు, స్క్రేపింగ్‌లో తగ్గుతుంది. అది అయ్యాక మైనస్ ఆర్‌తో కొన్ని రీట్రైలు, పెద్ద ఆర్ పెడితే వెనక నుంచి ముందుకి చదువుతుంది, ఒక దిక్కు నుంచి రానివి ఇంకో దిక్కు నుంచి ఒక్కోసారి వస్తాయి. ఏ ఫైళ్ళు దెబ్బతిన్నాయో తెలియాలంటే ఇమేజ్‌కి ఇంకో కాపీ తీసి, ఆ కాపీలో రాని సెక్టర్లన్నీ ఫిల్ మోడ్‌తో ఎక్కడా ఉండని ఏదైనా మాటతో నింపండి, తర్వాత మౌంట్ చేసి ఆ మాట కోసం అన్ని ఫైళ్ళలో వెతికించండి. ఎందులో దొరికితే ఆ ఫైల్ పాడైనట్టే. నింపేది కాపీలో మాత్రమే, అసలు ఇమేజ్‌ని ముట్టుకోవద్దు.

రాత్రిబండి:
నేనైతే ఇంక ఆపమంటా. కావాల్సింది వచ్చింది. ఆ రెండు పాటలు నాన్నగారు వేరే ఎవరికన్నా పంపిండేమో ముందు అడుగు, ఫోన్ల ఉంటది.

కెర్నల్‌కాకా:
ఆపి ఆ డిస్క్‌ని ఏం చేస్తాడు, దాచుకుంటాడా? ఇంక దానితో పనేముంది, రీట్రైలు పడనీ.

రాత్రిబండి:
ల్యాబ్‌కి ఇవ్వాలంటే బతికున్న డిస్క్ కావాలె. నువ్వు దాన్ని పూర్తిగా అరగదీసినంక వాళ్ళు ఏం చేస్తరు. మళ్ళ అదే, అతన్ని అడగవ్.

నీలిస్క్రీన్:
ల్యాబ్‌కి ఇవ్వను, అంత ఓపిక లేదు. స్క్రేపింగ్ మొదలెట్టేశా. ఆ రెండు ఎవరికైనా పంపారేమో కూడా కనుక్కుంటా, ఆ ఐడియా నాకు తట్టలేదు.

బిట్లపిట్ట:
మ్యాప్‌ఫైల్ ఎక్కడ పెట్టారు? లైవ్ యూఎస్‌బీ డెస్క్‌టాప్ మీద ఉంటే అది ర్యామ్‌లో ఉన్నట్టే, రీబూట్ అయిందంటే గాలికి పోతుంది. లాప్‌టాప్ స్లీప్‌లోకి వెళ్ళకుండా కూడా సెట్టింగ్ మార్చుకోండి.

నీలిస్క్రీన్:
కొత్త డిస్క్ మీదే ఉంది, ఇమేజ్ పక్కనే. స్లీప్ ఇప్పుడే ఆపేశా.