అమెరికా కాలేజీ సాకర్ (ఫుట్‌బాల్): పదో తరగతి అబ్బాయికి దారి ఎలా? అక్కడి టాప్ ప్రొఫెషనల్ లీగ్ ఎంఎల్ఎస్ దాకా వెళ్లొచ్చా?

గచ్చిబౌలి_పేరెంట్: మా అబ్బాయి సీబీఎస్ఈలో పది పూర్తి చేస్తున్నాడు, ఫుట్‌బాల్ అకాడమీలో లెఫ్ట్ బ్యాక్ (ఎడమవైపు డిఫెండర్). ఒక కన్సల్టెన్సీ "డివిజన్ వన్‌లో ఫుల్ స్కాలర్‌షిప్ గ్యారంటీ" అని ముందే డబ్బు కట్టమంటోంది. నమ్మొచ్చా? అసలు కోచ్‌లు పిల్లల్ని ఎలా ఎంచుకుంటారు? అక్కడి నుంచి ప్రొఫెషనల్ లీగ్‌కి వెళ్లే అవకాశం ఉందా?

ఆఫ్‌సైడ్_ఆనంద్: గ్యారంటీ అన్నారంటే డబ్బు కట్టకండి. స్కాలర్‌షిప్ ఇచ్చేది కోచ్, కన్సల్టెన్సీ కాదు. డివిజన్ వన్‌లో, అంటే కాలేజీ క్రీడల పై స్థాయిలో, మగపిల్లల జట్టు మొత్తానికి చాలాకాలం 9.9 స్కాలర్‌షిప్పులే ఉండేవి. వాటినే ముక్కలు చేసి పాతిక మందికి పైగా పంచేవాళ్లు. 2025లో హౌస్ కేసు (కాలేజీ ఆటగాళ్లకు డబ్బు చెల్లింపుపై నడిచిన కేసు) సెటిల్‌మెంట్‌తో, అందులో చేరిన కాలేజీలకు ఆ పరిమితి పోయి, జట్టులో 28 మందే ఉండాలన్న నిబంధన వచ్చింది. ఇచ్చుకోవచ్చన్నారే గానీ ఇవ్వాలనలేదు, బడ్జెట్ ఉన్న కాలేజీలే ఇస్తాయి. పైగా ఉన్న 28 చోట్లలో చాలావరకు ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) నుంచి వచ్చే అనుభవజ్ఞులకే పోతున్నాయి.

దాని కింది స్థాయి డివిజన్ టూ, ఎన్ఏఐఏ అనే వేరే క్రీడా సంఘంలోని కాలేజీలు కూడా చూడండి, విదేశీ పిల్లల్ని బాగానే తీసుకుంటాయి. డివిజన్ త్రీలో ఆట పేరున పైసా ఇవ్వరు గానీ మార్కులకు ఇచ్చే సాయం ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే ఉంటుంది.

తార్నాక_కీపర్: హైదరాబాద్ అకాడమీకి అమెరికా కోచ్ వచ్చి చూడడు, వీడియోనే ట్రయల్. మూడు నుంచి ఐదు నిమిషాలు చాలు. మంచి క్లిప్పులన్నీ మొదటి అర నిమిషంలోనే పడాలి, ఆ తర్వాత చాలామంది చూడరు. ప్రతి క్లిప్ మొదట్లో అబ్బాయి చుట్టూ గుండ్రం గీయండి. బంతి తగిలినప్పటి నుంచే కోసేస్తే పొజిషనింగ్ కనిపించదు, లెఫ్ట్ బ్యాక్‌కి అదే ముఖ్యం. రెండు మూడు సెకన్ల ముందు నుంచి ఉంచండి. మన గ్రౌండ్లలో గ్యాలరీ ఉండదు కాబట్టి సెంటర్ లైన్ దగ్గర ఎత్తైన స్టాండ్ మీద కెమెరా పెట్టాలి. పాటలు, స్లో మోషన్ వద్దు. నచ్చితే కోచ్ పూర్తి మ్యాచ్ అడుగుతాడు, రెండు సిద్ధంగా ఉంచండి.

మెయిల్ అబ్బాయే రాయాలి. సబ్జెక్ట్ లైన్‌లో 12వ తరగతి పూర్తయ్యే సంవత్సరం, పొజిషన్, ఏ కాలు, ఎత్తు ఉండాలి. లోపల మార్కులు, వీడియో లింకు, ఆ కాలేజీనే ఎందుకో రెండు వాక్యాలు. డివిజన్ వన్ కోచ్‌లు పదో తరగతి తర్వాతి జూన్ 15కు ముందు రిక్రూటింగ్ విషయం మాట్లాడకూడదు. అప్పటిదాకా జవాబు రాకపోతే కంగారు పడొద్దు.

మెమో_మాస్టారు: కాగితాల దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. ఈ డివిజన్లను నడిపే సంఘం ఎన్‌సీఏఏ. అర్హత తేల్చే దాని ఎలిజిబిలిటీ సెంటర్ తొమ్మిది నుంచి పన్నెండు దాకా చదివినవాటిలో 16 కోర్ కోర్సులు (ముఖ్య సబ్జెక్టులు) చూస్తుంది, డివిజన్ వన్‌కి వాటిలో 4.0 స్కేలుపై 2.3 జీపీఏ కావాలి. తొమ్మిదో తరగతి మెమో పారేసుకోవద్దు. శాట్ ప్రవేశ పరీక్షను ఎన్‌సీఏఏ అడగదు గానీ కొన్ని కాలేజీలు అడుగుతాయి.

పొద్దున్నుంచి రాత్రిదాకా కూర్చోబెట్టే ఇంటర్ కాలేజీలో వేస్తే ఈ దారి మూసుకున్నట్టే. కోచ్‌లు చూసేది ఆ రెండేళ్ల ఆటనే. లాంగ్‌టర్మ్ పేరుతో గ్యాప్ పొడిగించి, ఏడాది దాటాక కూడా టోర్నమెంట్లు ఆడుతుంటే కాలేజీలో ఆడేందుకు ఉన్న అర్హత సీజన్లు కరిగిపోతాయి. క్లబ్ కాంట్రాక్టు, ఏజెంటు ఒప్పందం ఏది వచ్చినా సంతకానికి ముందే ఎలిజిబిలిటీ సెంటర్‌ని అడగండి.

సీజన్ ఆగస్టు చివర్లో మొదలవుతుంది, ప్రాక్టీసు అంతకుముందే. ఐ-20 (వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) రాగానే నానక్‌రాంగూడ అమెరికా కాన్సులేట్‌లో వీసా స్లాట్ పట్టాలి.

ఆఫ్‌సైడ్_ఆనంద్: ఇక ప్రొఫెషనల్ సంగతి. అమెరికాలో మేటి పిల్లలు ఎంఎల్ఎస్ క్లబ్బుల అకాడమీల నుంచే నేరుగా వెళ్తారు. కాలేజీకి వెళ్లినా, తన అకాడమీ కుర్రాణ్ణి క్లబ్ డ్రాఫ్ట్ లేకుండానే తీసుకోగలదు. మిగిలినవాళ్లకు సూపర్‌డ్రాఫ్ట్, అంటే ఎంఎల్ఎస్ క్లబ్బులు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే పద్ధతి. 2024 నుంచి అందులో మూడే రౌండ్లు, ఎంపికైనంత మాత్రాన కాంట్రాక్టు రాదు. మన పిల్లలకు ఇంకో అడ్డంకి ఉంది: గ్రీన్ కార్డు లేకపోతే ఇంటర్నేషనల్ స్లాట్ (జట్టులో విదేశీ ఆటగాడికి కేటాయించే చోటు) కావాలి. ఒక్కో క్లబ్‌కి ఇచ్చేవి ఎనిమిదే, వాటిని పేరున్న విదేశీ ఆటగాళ్లకు వాడుకుంటారు.

అయినా ఆలస్యంగా రాణించేవాళ్లకు కాలేజీయే దిక్కు. టజాన్ బుకానన్ సిరక్యూస్ యూనివర్సిటీ నుంచి 2019 డ్రాఫ్ట్‌లో తొమ్మిదోవాడు, తర్వాత ఇంటర్ మిలాన్ చేరాడు. ప్యాట్రిక్ అజెమాంగ్ డివిజన్ త్రీలో మొదలుపెట్టి రోడ్ ఐలండ్ యూనివర్సిటీకి మారి, 2023లో 12వ ఎంపికయ్యాడు. వేసవిలో కాలేజీ ఆటగాళ్లు ఆడే యూఎస్ఎల్ లీగ్ టూలో ఆడటం కూడా ముఖ్యం, స్కౌట్లు అక్కడ తిరుగుతారు. ఎంఎల్ఎస్ కన్నా కింది స్థాయి ప్రొఫెషనల్ లీగులైన ఎంఎల్ఎస్ నెక్స్ట్ ప్రో, యూఎస్ఎల్‌ల క్లబ్బులే నిజమైన మొదటి మెట్టు.

గచ్చిబౌలి_పేరెంట్: ధన్యవాదాలండీ. స్కూల్ మ్యాచ్‌ల క్లిప్పులు పెట్టొచ్చా?

తార్నాక_కీపర్: ఎదుటి జట్టు బలహీనంగా ఉంటే వద్దండీ. ఆరు గోల్స్ తేడాతో గెలిచిన మ్యాచ్‌లో డిఫెండర్ ఏం చేశాడో కోచ్‌కి తెలియదు. ఏఐఎఫ్ఎఫ్ (భారత ఫుట్‌బాల్ సమాఖ్య) యూత్ లీగ్ మ్యాచ్ ఉంటే, ఓడినదైనా సరే, అదే పంపండి.